గుండెకు గణభంగం

మన భాషలో గుండె చేసినన్ని పనులు మరే అవయవమూ చెయ్యదు. ఉరుము ఉరిమితే ఝల్లుమంటుంది. అర్ధరాత్రి ఫోను మోగితే గుభేలుమంటుంది. పరీక్ష ఫలితాలనాడు దడదడలాడుతుంది. అప్పులవాడు వీధి మలుపులో కనబడితే జారిపోతుంది. కూతుర్ని అత్తవారింటికి సాగనంపేటప్పుడు చెరువవుతుంది. అవసరం వస్తే రాయి కూడా అవుతుంది. కొందరు దాన్ని అరచేతిలో పెట్టుకుని బతుకుతారు. అదృష్టవంతులు దానిమీద చెయ్యివేసుకుని నిద్రపోతారు. ఇన్ని విద్యలు నేర్చిన గుండెకు అప్పజెప్పిన ఉద్యోగం మాత్రం ఒక్కటే - కొట్టుకోవడం. అదీ యజమానికి తెలియకుండా కొట్టుకోవాలి. నిమిషానికి 70 చొప్పున లెక్కవేస్తే రోజుకు లక్ష దెబ్బలు. ఆ లక్షలో ఒక్కటి మనకు తెలిసిందంటే చాలు, మిగిలిన తొంభైతొమ్మిదివేల చిల్లరమీద కూడా నమ్మకం పోతుంది.

నాకు అలా నమ్మకం పోయింది నిరుడు వేసవిలో. మాది కాకినాడ. నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆడదాని వయస్సు అడక్కూడదంటారుగాని, వైద్యం సంగతి మాట్లాడేటప్పుడు దాచి లాభం లేదు - అప్పటికి నలభైతొమ్మిది నిండాయి. రాత్రి పడుకుని ఎడమ పక్కకు తిరిగేసరికి గుండె ఒకసారి తడబడేది. నడుస్తూ నడుస్తూ మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేకపోతే ఎలా ఉంటుందో అలాగ. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత లోపలినుంచి ఎవరో తలుపు గుద్దినట్టు ఒక్క పోటు. మళ్ళీ మామూలే. పోనీ ఒక్కసారితో ఊరుకుంటుందా అంటే, చెవి అటే పెట్టుకుని ఉంటాను కనుక పది నిమిషాల్లో మళ్ళీ వినిపించేది. పగలు మేడమెట్లు ఎక్కి తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్ళేసరికి వేరే రకం - గుండె గబగబా పరుగెత్తేది. పిల్లలు లేచి నమస్కారం పెట్టి, కూర్చుని, పుస్తకాలు తీసేదాకా నేను బోర్డు తుడుస్తున్నట్టు నటించేదాన్ని.

మా ఇంట్లో రోగానికి ముందు సభ జరుగుతుంది. వైద్యం ఆ తరవాత. మా వారిది ఎప్పుడూ ఒకటే తీర్మానం, గ్యాసని. ఆయన లెక్కప్రకారం మోకాలినొప్పి కూడా గ్యాసే, దారితప్పి అక్కడికి వెళ్ళింది. మా అత్తగారు, "పొద్దుటినుంచి మూడు కాఫీలు తాగితే దడ రాక దమ్మిడీలు వస్తాయా?" అన్నారు. విశాఖపట్నంనుంచి మా ఆడపడుచు ఫోనులో, "వదినా, అది బీపీయే, ఉప్పు మానెయ్" అంది. పక్కింటి పిన్నిగారు దిష్టి తీసి వెళ్ళారు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి మాత్రం ఏమీ అనకుండా ఒక చేతి గడియారం కొని పంపాడు. అది టైము చెప్పడం తక్కువ, నాడి చెప్పడం ఎక్కువ.

సభ ముగిసిన మర్నాడే వెళ్ళి ఒక డాక్టరుగారికి చూపించుకున్నాను. పేరెందుకులెండి. ఆయన బీపీ చూశారు, గుండెమీద గొట్టం పెట్టి ఒక నిమిషం విన్నారు, చీటీ రాస్తూ, "టెన్షనమ్మా. ఈ వయస్సులో ఆడవాళ్ళకు మామూలే. ఎక్కువ ఆలోచించకండి" అన్నారు. చీటీలో రాత్రిపూట నిద్రకు ఒక మాత్ర ఉంది. నేను ఆలోచించకుండా ఎలా ఉంటాను? ఇంట్లో మగవాడు గుండెమీద చెయ్యి పెట్టుకుంటే ఆటో వస్తుంది, ఆడది పెట్టుకుంటే ఉపదేశం వస్తుంది - ఈ మాట నాది కాదు, మా స్టాఫ్ రూములో సైన్సు టీచరమ్మది. భయంవల్ల, దిగులువల్ల గుండె దడ వస్తుందన్నది నిజమే, చాలామందిలో కారణం అదే కూడాను. కాని మిగిలిన కారణాలన్నీ వెతికి, అవేవీ కావని తేలాక ఆ మాట అంటే వైద్యం. గుమ్మంలోనే అంటే అది పంపించెయ్యడం. నేను ఆ నిద్రమాత్ర కొనలేదు. ఆవిడే చెప్పగా మరో డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఈవిడ గుండె వైద్యంలోనే పై చదువు చదివిన మనిషి.

ఈవిడ గొట్టం తియ్యకముందే ఒక చిత్రమైన కోరిక కోరారు. "మీ గుండె ఎలా కొట్టుకుంటోందో ఈ బల్లమీద వేలితో కొట్టి చూపించండి."

కొట్టాను. తప్, తప్, తప్, తప్... వెంటనే తొందరపడినట్టు ఒకటి... ఒక ఖాళీ... ధన్! మళ్ళీ తప్, తప్, తప్.

"దీన్ని మా భాషలో గణభంగం అంటామండీ" అన్నాను.

ఆవిడ పదో తరగతిదాకా తెలుగు మీడియమట. నవ్వి, "సరిగ్గా అదే. పద్యం బాగానే నడుస్తోంది, మధ్యలో ఒక గణం వేళకు ముందే దూరింది" అన్నారు. ఆపైన ఆవిడ నాకు చెప్పిన పాఠాన్ని ఎంత గుర్తుంటే అంత మీకు అప్పజెబుతాను. ఎందుకంటే ఈ దడ ఒక్క నాకే సొంతం కాదని ఈ ఏడాదిలో బాగా తెలిసొచ్చింది.

గుండె కుడివైపు పైగదిలో గోడకు అంటుకుని చిన్న కండ ముక్క ఒకటుంది. తాళం వేసేది అదే. అక్కడ పుట్టిన విద్యుత్తు అలలాగ కిందికి పాకితే గుండె ముడుచుకుంటుంది. దాన్ని కనిపెట్టిన కథ కూడా ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లండులో ఆర్థర్ కీత్ అనే శరీరశాస్త్రజ్ఞుడు, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి కలిసి జంతువుల గుండెలు పరిశీలిస్తున్నారు. 1906 వేసవిలో ఒక సాయంత్రం కీత్ దంపతులు సైకిళ్ళమీద షికారు వెళ్ళి తిరిగివచ్చేసరికి, ఈ కుర్రవాడు ఒక్కడూ కూర్చుని నేలలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శినిలో చూసి, ఆ ముక్కను పట్టుకుని ఉన్నాడు. 1907లో ఇద్దరూ కలిసి దాన్ని లోకానికి ప్రకటించారు. అంతకుముందు వేల సంవత్సరాలు మనిషి గుండెమీద పద్యాలు రాశాడుగాని తాళం వేసేవాడు ఎక్కడున్నాడో ఎరగడు.

ఇప్పుడు ఆ గణభంగం సంగతి. గుండెలో తాళం వెయ్యగలిగిన కణాలు అక్కడొక్కచోటే లేవు, తక్కినచోట్ల కూడా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి క్లాసులో అత్యుత్సాహపు పిల్లలాగ టీచరు అడక్కముందే జవాబు చెప్పేస్తుంది. గుండెలోకి నెత్తురు పూర్తిగా నిండకముందే వచ్చిన దెబ్బ కనుక అది బలహీనంగా ఉంటుంది. మనకు సరిగా తెలియను కూడా తెలియదు. ఆ తరవాత కొంచెం ఎడం వస్తుంది. ఆ ఎడంలో గుండె మామూలుకన్న ఎక్కువ నిండుతుంది. నిండినదాన్ని నెట్టాలి కనుక తరవాతి దెబ్బ బలంగా పడుతుంది. మనల్ని నిద్రలేపే "ధన్" అదన్నమాట! అంటే మనం హడలి చచ్చేది తప్పుదెబ్బను చూసి కాదు, దాని వెనకాల వచ్చిన మంచిదెబ్బను చూసి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరగా జరుగుతుంది, రాత్రిపూట ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకని వినిపిస్తుంది. పగలు పిల్లల గోలలో అదే దెబ్బ పడ్డా మనకు తెలియదు. ఇరవైనాలుగు గంటలు కనిపెట్టి చూస్తే ఆరోగ్యవంతుల్లో కూడా దాదాపు అందరికీ ఇలాంటివి కొన్ని ఉంటాయట.

"అయితే నాకేమీ లేదంటారా?" అన్నాను.

"అది నేను అడిగేవాటికి మీరు చెప్పే జవాబునుబట్టి" అని ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టారు. అవి పాఠకులకు కూడా అవసరమే. దడ వచ్చినప్పుడు స్పృహ తప్పిందా, కళ్ళు చీకట్లు కమ్మాయా? ఛాతీలో నొప్పిగాని, కూర్చున్నచోటే ఆయాసంగాని ఉన్నాయా? పనిచేస్తున్న మధ్యలో, పరుగెత్తుతున్నప్పుడు వచ్చిందా? మీ ఇంట్లో చిన్నవయస్సులో, నలభై నిండకుండా, హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నారా? ఇదివరకు గుండెజబ్బుగాని, చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరంగాని వచ్చిందా? దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతోందా, లేక స్విచ్చి వేసినట్టు మొదలై స్విచ్చి తీసినట్టు ఆగిపోతోందా? ఈ ఆఖరిదానికి కారణం వేరట - గుండెలో విద్యుత్తు ఒకచోట గుండ్రంగా తిరగడం మొదలుపెడితే నిమిషానికి 150, 200 దాకా పోతుంది. దానికి వైద్యమూ వేరే. స్పృహ తప్పడం, ఛాతీనొప్పి, ఆయాసం - వీటిలో ఏ ఒక్కటి తోడైనా సభలు పెట్టకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళవలసిందేనన్నారు. అన్నిటికీ "లేదు" అని చెప్పినందుకు, మార్కులు వేసినట్టు కాగితంమీద టిక్కులు పెట్టుకున్నారు.

ఆ తరవాత మా ఇంటి మందుల డబ్బామీద పడింది ప్రశ్న. జలుబుమాత్రలు వాడుతున్నారా? ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రల్లో గుండెను తరిమేవి ఉంటాయట. ఉబ్బసానికి పీల్చే మందు? థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైందా? నీరు పోవడానికి ఇచ్చే బీపీ మాత్రలు వాడితే పొటాషియం తగ్గుతుంది, దానివల్ల కూడా గుండె తప్పటడుగులు వేస్తుంది. జ్వరం వస్తే సరేసరి. మే నెల ఎండలో చెమటకు తగినన్ని నీళ్ళు తాగకపోయినా, ఉపవాసాలున్నా, రాత్రి నిద్ర చాలకపోయినా, చుట్టా బీడీ సిగరెట్టు తాగినా, మద్యం పుచ్చుకున్నా ఇదే దడ. ముట్లుడిగే వయస్సులో ఒంట్లో మార్పులవల్ల ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి గుండె కొట్టుకోవడం కూడా కద్దు. ఇన్ని కారణాలున్న రోగానికి గుమ్మంలోనే పేరు పెట్టిన ఆ మొదటి డాక్టరుగారి చురుకుదనానికి నేను మనస్సులో మళ్ళీ ఒకసారి నమస్కారం పెట్టుకున్నాను.

ఈసీజీ తీశారు, బాగానే ఉంది. కాని ఈసీజీ అంటే పది సెకండ్ల ఫోటో. ఆ పది సెకండ్లూ గుండె బుద్ధిమంతురాలిలా కూర్చుంటే మనమేం చేస్తాం? రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ సరిగానే ఉంది. హిమోగ్లోబిన్ దగ్గర ఆగారు. ఆడవాళ్ళకు 12 గ్రాములైనా ఉండాలి. నాకు 8.9.

"నెలనెలా ఎక్కువ పోతోందా?" అన్నారు.

మూడేళ్ళుగా పోతోంది. ఆ మాట నన్ను ఇంతవరకు ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. గ్యాసు గురించీ, దిష్టి గురించీ, టెన్షను గురించీ అడిగారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు నీరసాన్ని కూడా వంటపనిలో ఒక భాగంగానే చూసుకుంటారు. ప్రభుత్వం 2019-21లో జరిపించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57మందికి నెత్తురు తక్కువని తేలింది. అంటే మా స్టాఫ్ రూములో పన్నెండుమంది ఆడవాళ్ళం కూర్చుంటే, లెక్కప్రకారం ఏడుగురం పాలిపోయినవాళ్ళమే.

నెత్తురు తక్కువైతే గుండెకు దడ ఎందుకని అడిగాను. ప్రాణవాయువును మోసే బండ్లు తక్కువైతే ట్రిప్పులు ఎక్కువ వెయ్యాలి కదా, అంతే. మేడమెట్లు ఎక్కగానే గుండె పరుగెత్తినది అందుకు. ఆవిడ నన్ను స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపారు. స్కానింగులో గర్భాశయంలో చిన్న కంతి కనిపించింది - కాన్సరు జాతిది కాదు. నెత్తురు పోవడం తగ్గడానికి మందూ, ఐరన్ మాత్రలూ రాశారు.

ఇక్కడ కాఫీ గొడవ వచ్చింది. మా అత్తగారు విజయం తమదేనని నిశ్చయించుకుని ఉన్నారు. డాక్టరమ్మగారిని నిలవేసి అడిగాను. 2023లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో వందమందికి గుండె యంత్రం కట్టి రెండువారాలు చూశారట - ఒకరోజు కాఫీ తాగమని, ఒకరోజు మానమని, చీట్లు తీసినట్టు వంతులు వేసి. పైగదుల్లో పుట్టే గణభంగాలు కాఫీవల్ల చెప్పుకోదగినంత పెరగలేదు. కిందిగదుల్లో పుట్టేవి మాత్రం పెరిగాయి - కాఫీ మానినరోజు 102 అయితే, తాగినరోజు 154. తాగినరోజు జనం వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, అరగంట పైచిలుకు తక్కువ నిద్రపోయారు. తీర్పు అటూ ఇటూ కాకుండా ఉంది కనుక అత్తాకోడళ్ళిద్దరమూ గెలిచామనుకున్నాం. "మీ ఒంటికి పడటం లేదని మీరు గమనిస్తే మానండి, లేకపోతే రెండుతో సరిపెట్టండి" అన్నారు ఆవిడ. కాని ఒక షరతు గట్టిగా పెట్టారు: ఐరన్ మాత్ర వేసుకుని గంటా రెండు గంటలదాకా కాఫీ, టీ ముట్టుకోకూడదు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయనీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుందట. నేను ఉసిరికాయ కూడా పెట్టుకున్నాను. పచ్చడి రూపంలో కాదు లెండి.

రాత్రి వచ్చే ఆ తలుపుగుద్దుడు సంగతి తేల్చడానికి ఇరవైనాలుగు గంటలు హోల్టర్ కట్టారు. అగ్గిపెట్టె కన్న కొంచెం పెద్దది. తీగలు ఛాతీకి అంటించి, పెట్టెను నడుముకు కట్టి, "రోజూ చేసే పనులన్నీ చెయ్యండి, దడ వచ్చినప్పుడు టైము రాసిపెట్టండి" అన్నారు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో నార్మన్ హోల్టర్ అనే ఆయన 1940లలో దీన్ని మొదట చేసినప్పుడు అది 30 కిలోలకు పైగా ఉండే వీపుమూట. మనిషి దాన్ని మోస్తూ తిరిగితే గుండె మామూలుగా ఎలా కొట్టుకుంటుందో నాకు అర్థం కాలేదు. నేను నా పెట్టె కట్టుకుని చీరకొంగు కప్పుకుని బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "మేడమ్, అది మైకా?" అంది.

ఫలితం వచ్చింది. రోజు మొత్తంమీద 1,04,000 చిల్లర దెబ్బలు. వాటిలో గణభంగాలు 212. నేను కాగితంమీద రాసినవి పదకొండు! మిగిలిన రెండువందల ఒకటీ నా కన్ను గప్పి పోయాయి. గుండె ఆకారం, కవాటాలు స్కానింగులో సరిగా ఉన్నాయి. ఈ లెక్కకు ఏ మందూ అక్కర్లేదన్నారు.

"ఆ కాసిని దెబ్బలు కూడా ఆపే మాత్ర ఉంటే ఇవ్వరాదూ?" అన్నాను. పరీక్షలో తప్పులు దిద్దే అలవాటు ఒక పట్టాన పోదు.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. ఇలా అనుకునే 1980లలో అమెరికాలో పెద్దయెత్తున ఒక ప్రయత్నం చేశారట. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో ఈ తప్పుదెబ్బలు ఎక్కువైతే ప్రమాదమని తెలుసు. వాటిని అణిచే మందులూ ఉన్నాయి. అణిచేస్తే మనిషి బతుకుతాడు కదా అని కొందరికి మందు, కొందరికి ఉత్తమాత్ర ఇచ్చి చూశారు. మందు తప్పుదెబ్బల్ని చక్కగా అణిచింది. కాని 1989లో లెక్క చూస్తే, మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువమంది పోయారు. ఆ మందులు ఇవ్వడం అక్కడితో ఆపేశారు. పద్యం దిద్దబోయి కవినే చంపేశారన్నమాట. అప్పటినుంచి, మంచి గుండెలో ఉన్న కొద్దిపాటి గణభంగాలను చూసి డాక్టర్లు చెయ్యి ముడుచుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. అలా ఊరుకోవడానికి కూడా చదువు కావాలి.

ఇంతవరకూ నా కథ. అసలు కథ నాది కాదు.

డాక్టరమ్మగారు నాకు నాడి చూసుకోవడం నేర్పారు. మణికట్టు దగ్గర బొటనవేలివైపు పల్లంలో రెండువేళ్ళు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడి దానికుంది. గడియారం పెట్టుకుని అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యాలి. లెక్కకన్న ముఖ్యం నడక. కొత్త విద్య వస్తే ఎవరిమీదైనా ప్రయోగించాలి కదా. మా వారిది 72, గడియారంలాంటి నడక. పనమ్మాయిది 80. మా అత్తగారు చెయ్యి ఇవ్వనన్నారు. "డెబ్భై ఎనిమిదేళ్ళుగా కొట్టుకుంటోంది, ఎప్పుడు కొట్టుకోవాలో దానికి తెలియదా? నువ్వు చెప్పాలా?"

సాయంత్రం వత్తులు చేసుకుంటుంటే పక్కన కూర్చుని మెల్లగా చెయ్యి అందుకున్నాను. అరనిమిషం చూశాను. మళ్ళీ చూశాను. ఒకసారి 44, ఒకసారి 57, ఒకసారి 49. అది కాదు నన్ను భయపెట్టింది. నడక లేదు. నాది పద్యంలో అక్కడక్కడా గణభంగం. ఆవిడది పద్యమే కాదు, ఉత్త వచనం. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి దూరంగా, మూడు గబగబా, మళ్ళీ ఖాళీ. ఏ లెక్కకూ అందదు. మా అబ్బాయి పంపిన గడియారం విప్పి ఆవిడ చేతికి పెట్టాను. అది కూడా నడక తప్పిందనే చెప్పింది. గడియారం చెప్పినది ఖాయం కాదు, ఈసీజీ తీసి చూడాలి.

"అత్తయ్యా, మీకు దడగా ఉంటోందా?"

"దడా లేదు గిడా లేదు. ఈమధ్య మేడమీదికి వెడితే ఆయాసం. వయస్సు కదుటే అమ్మాయ్."

మర్నాడు తీసుకువెళ్ళాం. ఈసీజీ చూడగానే డాక్టరమ్మగారు తలాడించారు. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా ఊరికే అదురుతున్నాయి. దీని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వయస్సుతోపాటు పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్ళకు మరింత. కొందరికి గుండెలో పిచ్చుక కొట్టుకున్నట్టు తెలుస్తుంది, కొందరికి మా అత్తగారిలాగ అసలు తెలియనే తెలియదు. అదిరే గదిలో నెత్తురు నిలవ ఉంటుంది; నిలవ ఉన్నది గడ్డకడుతుంది; ఆ గడ్డ ఒక్క చినుకంత ముక్కయి మెదడులోకి వెళితే పక్షవాతం. ఈ నడక తప్పినవాళ్ళకు పక్షవాతం వచ్చే ప్రమాదం మామూలువాళ్ళకన్న సుమారు అయిదు రెట్లు. మా వారు గ్యాసు మాట ఎత్తలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డారు. మా మామగారు పక్షవాతంతోనే పోయారు. రెండేళ్ళు మంచంలో ఉన్నారు.

గుండె వేగం తగ్గించడానికి ఒక మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర రాశారు. జనం దీన్ని నెత్తురు పలచబరిచే మందంటారుగాని నెత్తురేమీ పలచబడదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుందంతే. పాత మందు వార్ఫరిన్. దానికి మాటిమాటికీ రక్తపరీక్ష చెయ్యాలి, ఆకుకూరలు ఒకరోజు గంపెడు తిని ఒకరోజు మానెయ్యడం కుదరదు. కొత్తగా వచ్చినవాటికి ఆ పేచీ లేదు. కొందరికి - ముఖ్యంగా కీళ్ళవాతంవల్ల కవాటం మూసుకుపోయినవాళ్ళకు - పాతదే ఇస్తారు. మా అత్తగారి కవాటాలు స్కానింగులో సరిగా ఉన్నాయి కనుక, కిడ్నీల పరీక్ష చూసి కొత్తది ఇచ్చారు. సొంతంగా మానకూడదు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే ముందే చెప్పాలి, పడి దెబ్బ తగిలితే, ముఖ్యంగా తలకు తగిలితే, వెంటనే రావాలి - ఇవన్నీ చెప్పి, "ఏమైనా అడగాలా అమ్మా?" అన్నారు.

అంతసేపూ మాట్లాడని మా అత్తగారు, "గోంగూర తినవచ్చునా?" అని అడిగారు.

"నిక్షేపంగా."

"అయితే రాయమ్మా నీ మాత్ర."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. నా హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. బోర్డు తుడుస్తున్నట్టు నటించనక్కరలేదు, నిజంగానే తుడుస్తున్నాను. రాత్రిళ్ళు గణభంగాలు ఇప్పటికీ వస్తాయి; వచ్చింది ఫలానా అని తెలుసు కనుక కుడి పక్కకు తిరిగి పడుకుంటాను. మా అత్తగారు మేడ ఎక్కుతున్నారు, మధ్యలో ఒకసారి ఆగి. మాత్రలు పూజగదిలో కుంకంబరిణె పక్కన పెట్టుకున్నారు. దీపం పెట్టాక ఒకటి, సంధ్యవేళ ఒకటి, మరిచిపోయే ప్రశ్నే లేదు. గడియారం ఆవిడ చేతినే ఉంది. అబ్బాయి ఫోను చేస్తే, "ఒరే, నా నాడి నీకక్కడ కనిపిస్తోందిట కదా, ఎంతుందో చెప్పు" అని వాణ్ణి పరీక్షిస్తుంటారు.

ఈలోగా మా వీధిలో నాకు కొత్త ఉద్యోగం పడింది. సాయంత్రంపూట ఎవరో ఒకరు వచ్చి చెయ్యి చాపుతారు. నేను డాక్టరును కానని చెప్పినా వినరు. వింటే చూసి, తేడా ఉంటే ఈసీజీకి పొమ్మంటాను, అంతవరకే. మొన్న ఆదివారం, నాకు దిష్టి తీసిన పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చున్నారు. ఊరికే కూర్చుని ఉన్న మనిషి నాడి 108. నడక సరిగానే ఉంది. చెయ్యి చాపితే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, ఉక్కపోత అని విసనకర్ర వదలడం లేదు, జాకెట్లు వదులైపోయాయని నెలనుంచి అనుకుంటున్నారట. థైరాయిడ్ పరీక్షకు పంపించాం. రిపోర్టు ఎల్లుండి వస్తుంది.